రోడ్డు పక్కన జింక

రఘూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీలాగే నేనూ వేట లైసెన్సు తీసుకోవాలా అని వారమంతా ఆలోచించాను. నెలల తరబడి కోర్సు, ఆపైన పరీక్షలు, అన్నీ జర్మన్‌లోనే. కోడిగుడ్డు కూడా ముట్టని నాకు ఇదంతా ఎందుకని, నువ్వుంటే నవ్వేవాడివి.

పోయిన ఆదివారం పొద్దున్నే బ్రెమెన్ నుంచి వస్తుంటే, మన ఊరి మలుపులో ఒక జింక కొనఊపిరితో పడి ఉంది. ఏదో కారు గుద్ది వెళ్లిపోయింది. పోలీసులకు ఫోన్ చేస్తే, దాని బాధ ముగించడానికి లైసెన్సున్న వేటగాణ్ణి పంపిస్తామన్నారు. ఇదివరకు ఆ ఫోన్లు నీకే వచ్చేవి. పొలాల మీద మంచు మెల్లగా కదులుతోంది. జింక ఊపిరి అందులో కలిసిపోతోంది. కాస్త దూరంగా గడ్డిలో కూర్చుని దానితో తెలుగులో ఏదేదో మాట్లాడాను. ఆ ఉదయమంతా కలలో జరిగినట్టే ఉంది.

పక్క ఊరి నుంచి వేటగాడు క్లౌస్ రావడానికి ముప్పావుగంట పట్టింది. ఒక్క తూటాతో దాని బాధ తీర్చాడు.

“రఘు అయితే పది నిమిషాల్లో వచ్చేవాడు,” అన్నాడు, నా వైపు చూడకుండా.

నిన్న కోర్సులో చేరాను. మన అమ్మాయి మేఘన నమ్మలేదు.

“మమ్మా, నువ్వు షూట్ చేస్తావా? సీరియస్‌గా?”

“వేటకు కాదే. ఏ జింకా అంతసేపు అలా పడి ఉండకూడదని.”

తెల్లారకముందే ఫోన్ మోగితే నువ్వు లేచి వెళ్లేవాడివి. నిద్ర పాడైందని నేను విసుక్కునేదాన్ని. ఎక్కడికి వెళ్లేవాడివో ఒక్కసారీ అడగలేదు.

నీ
సుధ