గవ్వల యుద్ధానికి మన కొండ

మంగళవారం, రాత్రి

సాయంత్రం వలలు బాగుచేస్తూ మావ మళ్లీ ఇసుకలో గవ్వలు పేర్చి, రష్యా ఉక్రెయిన్ యుద్ధం నడిపించాడు. ఒక్కో గవ్వ ఒక్కో దేశం. నిన్న రష్యా పక్కనున్న గవ్వ ఒకటి ఇవాళ ఉక్రెయిన్ వైపు దూకింది.

"అదేటి మావా?"

"పార్టీ మారిపోనాదిరా. మన సర్పంచి మారలేదేటి?"

నవ్వాను గానీ, మా తమ్ముడు పనిచేసే సరుకుల ఓడ రేపు ఆ గవ్వల మధ్య నుంచే, నల్లసముద్రం మీదుగా పోవాలి.

అంతలో వాడే ఫోన్ చేశాడు. "అన్నా, నల్లసముద్రం మొదట్లో ఆగినాం. యుద్ధం కోసం ఇక్కడ జీపీఎస్ పాడు సేసేస్తన్నారు. మా ఓడ ఎయిర్‌పోర్టులో ఉన్నాదని సూపిస్తన్నాది. నీళ్లలో బాంబులు కూడా ఉన్నాయంట."

మావ ఫోన్ లాక్కున్నాడు. "ఒరే, కొండ గుర్తు సూసుకోరా!"

వేట నుంచి వచ్చేటప్పుడు మేమంతా మా ఊరి వెనక కొండకి సూటిగా పడవ నడిపే ఇల్లు చేరతాం.

"ఇక్కడ మన కొండ లేదు మావా" అన్నాడు వాడు.

మావ గవ్వలన్నీ అరచేత్తో చెరిపేశాడు.

ఇప్పుడు కళ్లు మూస్తే కొండే కనిపిస్తోంది. నిద్ర పట్టేలోగా దాన్ని మెల్లగా తోసుకుంటూ పోయి, వాడి సముద్రం ఒడ్డున నిలబెట్టాలి. కొండ బరువే. రాత్రి కూడా పొడుగ్గానే ఉంది.