నువ్వు కత్తిరించిన వాక్యం

మేనకోడలికి,

ఆశీస్సులు ఈసారి రాయడం లేదు. రాయబుద్ధి కావడం లేదు.

దుఃఖం గురించి నువ్వు సొంతంగా చేసిన ప్రాజెక్టుకి బహుమతి వచ్చిందని పిలిస్తే, మీ మామయ్య కొత్త చొక్కా వేసుకుని మరీ మీ కాలేజీకి వచ్చారు. గోడకి నువ్వు అంటించిన కాగితాల్లో ఒకటి పైకే చదివారు: "పాప పోయిన మర్నాడే మా ఆయన కుట్టుమిషను ముందు కూర్చున్నారు. ఆ చప్పుడుకి ఆయనంటే అసహ్యం వేసింది." చదివి నా వైపు చూశారు.

బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఒకరినొకరు ఓదార్చుకునే చోట, నేను మారుపేరుతో రాసుకున్న మాటలవి. నిలదీస్తే ఏమన్నావు? "నెట్‌లో అందరికీ కనిపించేదే కదత్తయ్యా! పేర్లు కూడా పెట్టలేదు. అది నువ్వని నాకేం తెలుసు?"

తలుపు తీసి ఉంటే ఎవరింట్లోకైనా జొరబడతావా? నేను కాకపోతే ఇంకో తల్లి. ఒక్క మాట అడగాలని తోచలేదా?

దాని కిందే ఇంకో వాక్యం రాశాను: "ఏడుపు ఆపుకోవడానికే కుడుతున్నారని తర్వాత తెలిసింది." నీ పరిశోధనకి అది పనికిరాలేదు కాబోలు, కత్తిరించేశావు.

ఇంకెవరు పోల్చుకుంటారోనన్న భయంతో ఇంటికి రాగానే అక్కడ రాసినదంతా చెరిపేశాను. ఇప్పుడా రెండో వాక్యం చెబితే, "నా కోసం కల్పించకు" అంటున్నారు మీ మామయ్య. నేనింట్లో ఉన్నంతసేపూ మిషను ముట్టుకోవడం లేదు.

కత్తిరించక ముందు నువ్వు దించుకున్న పూర్తి ప్రతి నీ దగ్గరే ఉంది. ఆదివారం పట్టుకుని రా. ఆయన ఎదుట నిలబడి మొత్తం చదువు. చదివాక కూర్చోమని మాత్రం నేననను.

మీ నాన్న చెల్లెలు