కుడికి వాలిన అక్షరాలు

మే 12

అక్షరాలు గీసే మా ఆఫీసులో జూనియర్ కుసునోసే గీసిన బోల్డ్ ఇటాలిక్ ఫాంట్ బయటికొచ్చింది. పేరు ఓయికజే, అంటే వీపు మీద చెయ్యేసి తోసే గాలి. లావుగా, కుడికి వాలి, ఎవరో పిలిస్తే పరుగందుకున్నట్టు ఉంటుంది. బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి చెయ్యి రాలేదు.

మే 20

ఎక్కడ చూసినా అదే. చేపల కొట్టు ముందు తగ్గింపు బోర్డు మీద, పడవ పందేల పోస్టరు మీద, రామెన్ నూడుల్స్ కొట్టు గుమ్మానికి వేలాడే గుడ్డ మీద. నేను మూడేళ్లు గీసిన ఫాంట్ నాగి, అంటే గాలి లేని సముద్రం, మందుల డబ్బాలో మడిచిన కాగితం మీదుంది. దాన్ని ఎవరూ విప్పరు.

మా బాస్ యమవాకి గారు ఓదార్చారు. నీది అన్నం, వాడిది ఊరగాయ, అన్నం లేకుండా ఊరగాయ ఎవరు తింటారమ్మా అన్నారు. భలే ఉందని అన్నాన్ని ఎవరు మెచ్చుకున్నారు?

జూన్ 2

మా ఊరి సునామీ బోర్డుల పని మాకే వచ్చింది. కొండ మీదికి దారి చూపే బోర్డులు. నాగియా, ఓయికజేనా అన్నది సునామీ వచ్చినట్టు జనాన్ని నడిపించి చూసే డ్రిల్లులో తేలుస్తారట. ప్రాణాలు కాపాడే మాటకి తగ్గింపు ధరల అక్షరమా? ఈసారి నాదే.

జూన్ 15

కాదు. మా అత్తగారే ముంచింది. ఒక వీధిలో నాది, ఇంకో వీధిలో వాడిది పెట్టి ఊరివాళ్లని నడిపించారు. మా కోడలి అక్షరం మర్యాదగా చెబుతుందయ్యా, చదివి తలూపి అక్కడే నిలబడ్డా, ఆ అబ్బాయిది మాత్రం వెనకనుంచి నెట్టింది, మోకాళ్ల నొప్పులే గుర్తు రాలేదు అని అందరి ముందూ అనేసింది. అంతా నవ్వారు. కుసునోసే తల వంచి, అంతా ఈ అక్క దగ్గర నేర్చుకున్నదే అని నన్ను చూపించాడు. వినయం కూడా వాడిదే. ఒళ్లు మండింది.

జూన్ 28

రెండో డ్రిల్లు. బోర్డులన్నీ ఓయికజేలోనే. నేను రేవు మలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడ కొండ మెట్లు ఎడమ పక్క. బాణం కూడా ఎడమకే. అయినా ముందు నడిచిన ముసలివాళ్లు కుడికి తిరిగారు, సముద్రం వైపు. రోజూ చేపలకి పోయే దారి కదా, అలవాటు అని నవ్వుకుంటూ వెనక్కి వచ్చారు.

అలవాటు కాదు. అక్షరాలు కుడికి పరిగెడుతున్నాయి. బాణాన్ని చూసేలోపే కాళ్లు వాటి వెంట పోయాయి. ఈ సంగతి నాకొక్కదానికే తట్టింది. సంతోషం వేసింది. నిజంగా వేసింది.

జూన్ 29

చెప్పను. వాడి తప్పు వాడే చూసుకోవాలి.

జూన్ 30

అత్తగారు చేపలు ఎండబెట్టేది ఆ మలుపులోనే.

జూలై 4

చెప్పేశాను. కుసునోసే ముఖం పాలిపోయింది. అక్కా, మీరు చూడకపోయుంటే అని ఆగిపోయాడు. ఆ మలుపుకి ఎడమకి వాలిన అక్షరాలు కావాలి. ఊరికే వెనక్కి వంచితే వంపులు నలిగిపోతాయి, ఒక్కోటీ మళ్లీ గీయాలి. వాడు పెన్సిలు నా ముందుకి జరిపాడు. నేనే గీశాను. గీస్తుంటే తెలిసింది, ప్రతి గీతకీ వాడెంత ఆలోచించాడో. ఇంకా మండింది.

జూలై 20

పేపర్లో కుసునోసే ఫొటో, పక్కన ఆ మలుపులో నేను గీసిన బోర్డు. నా పేరు చెప్పాడట, వాళ్లు వేయలేదు. అత్తగారు దాన్ని కత్తిరించి వంటింట్లో అతికించింది.

సెప్టెంబరు 9, పొద్దున

సైరన్. డ్రిల్లు కాదు.

మలుపులో అత్తగారు బుట్ట పారేసి ఎడమకి తిరిగింది. ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు కొండ మీదున్నాం. కింద రేవులోకి నీళ్లొచ్చాయి. ఆయాసపడుతూనే, ఆ అబ్బాయి అక్షరం మహా గట్టిదే అమ్మాయ్ అంటోంది.

అవునన్నాను. మంచినీళ్లిచ్చాను. ఒళ్లు మండుతూనే ఉంది.