ఎడమవైపు పెట్టిన గొట్టం

ఆదిలాబాద్,
ఏప్రిల్ 6

ప్రియమైన మమతక్కకు,

నవత నమస్కారాలు. ఫోన్లో మీకు సగం మాటే వినబడుతోందని, మిగతా సగం శ్యాంసుందర్ బావ మీ చెవి దగ్గర అరవాల్సి వస్తోందని తెలిశాక ఉత్తరమే మేలనిపించింది. పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు.

ఇక్కడ పత్తి సీజన్ అయిపోవచ్చింది. మా ప్రసూతి దవాఖాన జిన్నింగ్ మిల్లులకు పోయే తోవలోనే ఉంది కాబట్టి, మహారాష్ట్ర నుంచి పనికి వచ్చినవాళ్ళంతా కాన్పులకు మా దగ్గరికే వస్తారు. నేను చేరి రెండు నెలలు దాటినా నాకు వచ్చిన మరాఠీ ఇంకా నాలుగు ముక్కలే. మీరుంటే ఈపాటికి మరాఠీలో తిట్టడం కూడా నేర్చుకునేవారు.

మొన్న మంగళవారం పొద్దున నేను డ్యూటీ ఎక్కీ ఎక్కగానే ఒక మిల్లు కూలీ కాన్పయింది. పిల్ల నీలంగా, మెత్తగా, చప్పుడు లేకుండా పుట్టింది. కరీంనగర్‌లో మీ పక్కన నిలబడి ఇలాంటివి చూశాను గానీ ఒంటరిగా చేయడం ఇదే మొదలు. డాక్టరమ్మ ఇంకా పై అంతస్తు నుంచి దిగలేదు. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడుకోబెడితే, అది అప్పటికే వేడెక్కి ఉంది. తుడవడానికి మెత్తటి బట్టలు మడతపెట్టి ఉన్నాయి. గొంతులో నీరు లాగే గొట్టం కోసం కుడివైపు తడిమాను, దొరకలేదు. ఎడమవైపు ఉంది, మిషనుకు తగిలించే ఉంది. గాలి కొట్టే బ్యాగుకు చిన్న మాస్కు బిగించి ఉంది. దేనికోసమూ పరుగెత్తాల్సిన పని పడలేదు. పిల్ల ఏడ్చింది అక్కా!

డాక్టరమ్మ వచ్చి, "అన్నీ తయారుగ పెట్టుకున్నవ్ నవతా, శభాష్" అంది. "నేను పెట్టలే మేడం" అన్నాను. పిల్ల ఏడుపులో ఆమెకు వినబడలేదో ఏమో. నర్సుల దినోత్సవం రోజు నాకు శాలువా కప్పుతారట.

మరి పెట్టిందెవరు? రాత్రి డ్యూటీ దిగుతున్న మా పెద్ద సిస్టర్ కోమలక్కను అడిగాను. "ఎవలు వెడితే ఏంది? పిల్ల బతికింది గద!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ అంతే. ఎవరిని అడిగినా "నేను కాదు" అంటారు. తప్పు చేసి దాచుకునేవాళ్ళను చూశాను గానీ, ఇంత మంచి పని చేసి దాచుకోవడం ఎందుకో నాకు అంతుపట్టడం లేదు. మీకేమనిపిస్తోంది?

మీ జవాబు కోసం వాకిట్లోకి తొంగిచూస్తూ,
నవత


కరీంనగర్,
ఏప్రిల్ 11

ప్రియమైన నవతమ్మకు,

నీ ఉత్తరం పట్టుకుని పొద్దంతా కూర్చున్నాను. "గా పిల్ల ఏం రాసింది, గంత సేపు సదువుతున్నవ్?" అని మీ బావ ఒకటే అడగడం. చెప్పలేదు. ముందు నాకు అర్థం కానీ.

మొదట ఒక మాట. డాక్టరమ్మకు వినబడలేదో ఏమో అని రాశావు. వినబడేదాకా చెప్పు. చెవుడు నాకు, ఆమెకు కాదు.

ఇక అసలు సంగతి. గొట్టం ఎడమవైపు ఉందని రాసి నువ్వు ముందుకు వెళ్ళిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. ఎంత తొందరలో ఉన్నా నర్సు తన చేతికి అందేవైపే పెట్టుకుంటుంది. మీలో ఎడమచేతి వాటం ఎవరిది? ఆ ఒక్కరోజేనా, రోజూ అలాగే ఉంటోందా? అడగడం ఆపి కొన్నాళ్ళు చూడు. అడిగితే మనుషులు జాగ్రత్తపడతారు.

ఎండలు ముదిరాయి. నీళ్ళు తాగు. డ్యూటీలో మరిచిపోతావని నాకు తెలుసు.

నీ మంచి కోరే,
మమతక్క


ఆదిలాబాద్,
ఏప్రిల్ 19

ప్రియమైన అక్కా,

మీరు నర్సు కాకపోతే పోలీసు అయ్యేవారు!

డాక్టరమ్మకు మళ్ళీ చెప్పాను. "గింత అణకువ పనికిరాదు నవతా" అని నవ్వి పంపించింది. నమ్మనివాళ్ళకు ఎలా చెప్పను?

గొట్టం మాత్రం రోజూ ఎడమవైపే. నేను వచ్చేసరికే అన్నీ అమర్చి ఉంటాయి. కాదన్నా, రాత్రివాళ్ళలోనే ఎవరో దాస్తున్నారనుకున్నాను. కానీ మా ప్రసవాల గదిలో ఎడమచేతి వాటం ఎవరిదీ కాదు. దవాఖాన మొత్తంలో ఒక్కరికే ఉంది. ఆమె దీపిక.

దీపికక్క వెనకవైపు టీకాల గదిలో ఉంటుంది. ఎవరితోనూ కలవదు. అన్నం కూడా అక్కడే, ఒక్కతే తింటుంది. నేను రాకముందు ఆమె ప్రసవాల గదిలోనే చాలా ఏళ్ళు చేసిందట. చలికాలంలో ఆమె చేతుల్లో ఒక పసివాడు పోయాడు. బంధువులు వచ్చి లొల్లి చేశారు, అద్దాలు పగిలాయి. అప్పటినుంచి ప్రసవాల గదిలో కాలు పెట్టకూడదని, పెడితే ఉద్యోగం ఉండదని డాక్టరమ్మ చెప్పిందట. ఇదంతా మా ఆయా పోశవ్వ గుసగుసగా చెప్పింది.

టీ పట్టుకుని వెళ్ళాను. "అక్కా, పొద్దున వార్మర్ తయారుచేసేది నువ్వేనా?" అన్నాను.

దీపికక్క ఎడమచేత్తో సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. చేయి ఆగింది. "నాకు ఆడ ఏం పని? పో, నీ డ్యూటీ చూస్కో" అంది. టీ ముట్టుకోలేదు.

ఆమే అక్కా. నాకు అనుమానం లేదు. కానీ ఇప్పుడేం చేయను? పేరు చెబితే ఆమె ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆమెకు రావాల్సిన శాలువా నేను కప్పుకోవాలి. అసలు వద్దన్న చోటికి రోజూ ఎందుకు వస్తోంది? ఆ పసివాడి విషయంలో నిజంగా తప్పు చేసిందా? అందుకేనా ఇదంతా?

ఏమీ తోచని మీ
నవత


కరీంనగర్,
ఏప్రిల్ 24

ప్రియమైన నవతమ్మకు,

ముందు తొందరపడకు. ఆమెను అడగకుండా ఆమె పేరు ఎక్కడా ఎత్తకు.

నాకొకటి తట్టింది. వార్మర్ వేడెక్కాలంటే గదిలోకి రావాలి, మిషన్లు పెట్టాలి, బట్టలు తీయాలి. దొంగచాటుగా రోజూ జరిగే పని కాదది. రాత్రి డ్యూటీవాళ్ళు అక్కడే ఉంటారు కదా, చూడరా? చూసి కూడా నోరు మెదపడం లేదంటే, ఈ కథలో దీపిక ఒక్కతే లేదు. మీ కోమల సిస్టర్ నీకు జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని పోయిందన్నావు చూడు, ఆ చెప్పుల వెంట పో.

ఈసారి ఎవరు అని అడగకు. ఎందుకు అని అడుగు.

ఇంత చెప్పి, ఏమైందో తెలియక ఇక్కడ నేను పరేషాన్ అవుతుంటాను. గుర్తుంచుకో.

నీ
మమతక్క


ఆదిలాబాద్,
మే 13

ప్రియమైన మమతక్కకు,

ఆలస్యానికి కోప్పడకండి. అంతా తేలాకే రాద్దామని ఆగాను.

కోమలక్క డ్యూటీ దిగి వెళుతుంటే బస్టాండు దాకా వెంట నడిచాను. "దీపికక్క సంగతి నాకు ఎరుకైంది. ఎవలకూ చెప్పలే. ఎందుకో చెప్పు" అన్నాను. ఆమె చెరుకురసం బండి దగ్గర నీడ చూసుకుని ఆగింది.

"ఆ పిలగాడు కడుపులనే అలిసిపోయిండు నవతా. దీపిక ఊపిరి పోసుడు ఆపలే. డాక్టరమ్మ చెయ్యి పట్టి గుంజేదాక ఆపలే. తప్పు లేదని డాక్టరమ్మకూ ఎరుకే. లొల్లి సల్లారాలె అని, 'ఆమెను తీసేసిన' అని పిలగాని వాళ్ళతోని చెప్పింది. దీపికను ఎనుక గదిల కూసోవెట్టింది. గంతే, మల్ల పిలువలే."

"మరి పొద్దున..."

"అటెన్క దీపిక అన్నం మానేసింది. పనే ఇడిసిపెడ్త అన్నది. నా చేతులు మంచియి కావక్కా అని ఒక్కటే ఏడుపు. ఏం జెయ్యాలె? మేమందరం అనుకున్నం. పొద్దుగాల జర వచ్చి వార్మర్ తయారుజేసిపో, మాకు పనులతోని తీరుతలేదు అని చెప్పిన. తలుపు నేనే తీస్త."

"నిజంగ తీరుతలేదా?"

కోమలక్క నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "మేము వెట్టుకోలేమా నవతా? గా నాలుగు బట్టలు మడతవెట్టరాదా మాకు? ఆమె చేతులకు పని కావాలె. నీ చేతులతోనే మా పిల్లలు బతుకుతున్నరని ఆమెకు తెల్వాలె. నువ్వు కొత్తదానివి, నీకు చెప్పలే. డాక్టరమ్మ చెవిల పడితే మా అందరి నౌకరీలు పోతయ్."

అక్కా, ఒక మనిషి చాటుగా అందరికీ సాయం చేస్తోందని నేను ఇన్నాళ్ళూ వెతికాను. అందరూ కలిసి చాటుగా ఆ ఒక్క మనిషిని నిలబెడుతున్నారని నాకు తట్టనే లేదు.

మరునాడు నేను దీపికక్క దగ్గరికి వెళ్ళి, "ఆ మంగళవారం పిల్లను బతికించింది నువ్వు. నాకు శాలువా వద్దు. డాక్టరమ్మకు చెప్తా, నువ్వు ఊ అంటేనే" అన్నాను. కోపంతో ముఖం ఎర్రబడింది. "నీకెందుకు? నా బతుకు నన్ను బతకనియ్యి" అని తలుపు వేసుకుంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి తలుపు కొద్దిగా తెరిచి, "ఆ పిల్ల బరువు పెరుగుతున్నదా?" అని అడిగింది. పెరుగుతోందని చెప్పాను. "నిజంగనేనా?" అంది. కళ్ళు తుడుచుకుని, "చెప్పు. ఏమైతే అదైతది" అంది.

నేనొక్కదాన్నే పోదామనుకున్నాను. డాక్టరమ్మ గది ముందుకు చేరేసరికి కోమలక్క, ఆమె వెనక మా ప్రసవాల గదివాళ్ళంతా నిలబడి ఉన్నారు.

సంగతి వినగానే డాక్టరమ్మ లేచి నిలబడింది. "అందరు కలిసి నన్ను మోసం చేసిన్రా?"

"అవును మేడం" అంది కోమలక్క. "తలుపు తీసింది నేను. తీసేస్తే నన్ను తీసెయ్యున్రి. ఆమెను మాత్రం లోపలికి రానియ్యున్రి."

డాక్టరమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "రోజూ వస్తదా?" అని మాత్రం అడిగింది. రోజూ అని చెప్పాం. డాక్టరమ్మ ఒక్కతే టీకాల గదికి వెళ్ళి, తల్లులు కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని నాకు ఎంత ఉందో మీకు తెలుసు. అయినా అడగలేదు.

నిన్న నర్సుల దినోత్సవం. కింద హాల్లో కుర్చీలు వేశారు, మైకు పెట్టారు. కార్యక్రమం మొదలయ్యే వేళకు ఒక కాన్పు వచ్చింది. దీపికక్క చేతులు కడుక్కుని కాన్పు బల్ల దగ్గర నిలబడింది, ఈసారి డాక్టరమ్మ రమ్మంటేనే, చలికాలం తర్వాత మొదటిసారి. "నవతా, నా పక్కనే ఉండు" అంది చిన్నగా. కోమలక్క డ్యూటీ కాకపోయినా వచ్చి, తల్లి తల పట్టుకుంది. మైకులో మా పేర్లు పిలుస్తున్నారు. మేమెవ్వరం పోలేదు.

మగపిల్లాడు. పుట్టీ పుట్టగానే గది అదిరేలా ఏడ్చాడు. ఆ ఏడుపు మెట్లు దిగి హాల్లోకి వినబడినట్టుంది, కింద చప్పట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ మైకులో ఎవరి పేరో చెబుతోంది. చప్పట్లు ఆగడం లేదు.

దీపికక్క పిల్లవాణ్ణి రొమ్ముకు హత్తుకుని, "ఎవలకు కొడుతున్నరు?" అంది.

"నీకే" అంది కోమలక్క.

మీ
నవత