బాపు చూడని కల్లు

బాపూ,

"తెలంగాణ వచ్చినంకనే గ్లాసుల తాగుత, గప్పటిదాక నాకు తాటాకు రేకనే" అంటూ ఆ ఆకు దొప్పలోనే కల్లు తాగేవాడివి.

రాష్ట్రం వచ్చిందని నిన్న తొర్రూరంతా పటాకులు కాలుస్తుంటే, మందు సీసాల కోసం ఇంట్లో పెట్టించిన చిన్న బారు అల్మారాకు గాజు గ్లాసులు కొనబోయాను. దుకాణం నడిపే ఖాసిం చాచా, జన్మలో చుక్క ముట్టని మనిషి, ఒక్కోదాన్నీ గోటితో మీటాడు. "మోత ఆగేదాక ఇను బిడ్డా. శానసేపు మోగేదే మంచిది" అన్నాడు. ఒకటి మోగుతూనే ఉంది. అదే నీది.

ఇంటికొచ్చి నీ పటం ముందు అందులో కల్లు పోశాను. గాజు వెంబడి సన్నటి బుడగలు పైకి పాకి నురగ కడుతుంటే అమ్మా నేనూ నోరు తెరుచుకుని చూశాం.

"గన్నేండ్లు తాటిచెట్లెక్కి దించిండు గని, కల్లు లోపట గిట్లుంటదని మీ బాపు సూడనే లేదు" అంటూ అమ్మ గ్లాసును నీ పటానికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.