ఇరవై గంటలకి ఆగిన పేపర్

అసిస్టెంట్‌షిప్ విభాగం అధికారి గారికి,

నమస్కారం. ఫీజు మినహాయింపు కోసం మా ప్రొఫెసర్ గారి దగ్గర జవాబు పత్రాలు దిద్దే విద్యార్థినిని. పోయిన వారం పనిగంటలు రాసి నేనిచ్చిన టైమ్ షీట్ మీరు తిప్పి పంపారు. చేసింది ముప్పై నాలుగు గంటలు కాబట్టి అందులో అదే రాశాను. "వారానికి ఇరవై గంటలు దాటితే ఫీజు మినహాయింపు రద్దు. సరిచేసి పంపండి" అని మీరు దాని మీద ఎర్ర పెన్నుతో రాశారు. మీ గుమాస్తా గారైతే, "ఎందుకమ్మా గొడవ? ఇరవై అని రాసెయ్. అందరూ రాసేదదే" అని బుజ్జగించారు. మా ప్రొఫెసర్ గారేమో ఈ వారం కూడా నూట ఎనభై జవాబు పత్రాలు సోమవారానికల్లా దిద్దేయాలన్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

నేను అబద్ధం రాయను. మినహాయింపూ వదులుకోను. అందుకని ఈసారి మీ నిబంధననే తు.చ. తప్పకుండా పాటించాను. గడియారం ఎదురుగా పెట్టుకుని దిద్దాను. ఇరవై గంటలు నిండేసరికి నూట ఆరో పేపర్లో నాలుగో జవాబు మధ్యలో ఉన్నాను. అక్కడే పెన్ను మూత పెట్టేశాను. పాపం, ఆ పిల్ల బాగానే రాసింది.

ఆ పేపరూ, దాని కింద దిద్దని డెబ్బై నాలుగూ కట్టకట్టి, జవాబుల కీతో సహా మీ బల్ల మీద పెట్టాను. టైమ్ షీట్ కూడా జతచేశాను. సరిగ్గా ఇరవై గంటలు, ఇక సరిచేయడానికేమీ లేదు.

నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాను. మీరు ఎన్ని గంటలకి మించి దిద్దకూడదో అందులో ఎక్కడా లేదు. గడువు సోమవారం. ఎర్ర పెన్ను మీ దగ్గర ఎలాగూ ఉంది.

ఇట్లు,
మీ ఇరవై గంటల అసిస్టెంట్