నిద్ర పట్టిందా?

జూలై 7, సోమవారం. గాలి. మబ్బు ఉంది, వాన లేదు. మోటార్లు ఎత్తే చైన్ పుల్లీకి గ్రీజు పెట్టాను.

ఆఫ్రికాలోని మలావి నుంచి వచ్చి పది రోజులు. మూడు నెలలు అక్కడి పల్లెల్లో చేతిపంపులు బాగుచేయడం నేర్పాను. జీతం లేదు. తిండి, టికెట్టు పంపిన సంస్థవాళ్లవి.

అక్కడ పని మొదలుపెట్టే ముందు ఎదుటి మనిషిని రాత్రి నిద్ర పట్టిందా అని అడగాలి. వాళ్లూ మనల్ని అడుగుతారు. మొదటి వారం టైం దండగ అని రాసుకున్నాను. రెండో నెలలో ఒకరోజు ఎవరూ నన్ను అడగలేదు. ఆ రోజు మధ్యాహ్నం దాకా పని సాగలేదు.

మాబు సాబ్, నేను పద్దెనిమిదేళ్లుగా కలిసి బోరు మోటార్లు ఎత్తి దించుతున్నాం. నేను అక్కడుండగా ఆయన భార్య మేరాజ్ బీ చనిపోయింది. వచ్చాక నాలుగు బోర్లు చేశాం. ఆమె గురించి నేను ఒక్క మాట అడగలేదు.

నిర్ణయం: రేపటి నుంచి పనికి ముందు అందరినీ అడగాలి. రెండు రోజులు వేరేవాళ్ల దగ్గర అలవాటు చేసుకుని, గురువారం మాబు సాబ్‌ను.

జూలై 8. ఉదయం 6:00. నా భార్య బయమ్మను అడిగాను. చేతిలో చెంబు కింద పెట్టింది.

"డాక్టరు ఏమన్నా చెప్పినాడా? నాతో దాచొద్దు."

ఎవరూ ఏమీ చెప్పలేదన్నాను. సాయంత్రం దాకా నా ముఖమే చూసింది.

7:30. టీ అంగడి సుబ్బన్న. సర్పంచికి నిలబడుతున్నావా అన్నాడు. లేదన్నాను. స్పెషల్ టీ ఇచ్చాడు.

పర్వాలేదు. మొదటి రోజే ఇద్దరు!

జూలై 9. కళ్యాణదుర్గం దగ్గర నరేంద్ర చేను. మోటారు పైకి తీశాక, విప్పే ముందు అతన్ని అడిగాను. ముఖం పాలిపోయింది.

"కాలిపోయిందా అన్నా? నీళ్లే లేవా? ఏముంటే అది సీదా చెప్పు."

పోయింది కేబుల్ జాయింటు మాత్రమే. నమ్మలేదు. మెకానిక్ నిద్ర గురించి అడుగుతున్నాడని వాళ్ల నాయనకు ఫోన్ చేశాడు. ఆయన బండి మీద వచ్చాడు. ఇద్దరూ మోటారు పక్కన తల పట్టుకుని కూర్చున్నారు. నీళ్లు పారేదాకా లేవలేదు.

మాబు సాబ్ అంతా చూశాడు. నవ్వలేదు.

ఇకపై రైతులను అడగను.

జూలై 10, గురువారం. గాలి ఎక్కువ. మాట వినబడదు. రేపు.

జూలై 11. మాబు సాబ్ నమాజుకు తొందరగా పోవాలన్నాడు. తొందరలో అడిగేది కాదు.

జూలై 12. 8:00. స్టాండు నిలబెట్టాం. గాలి లేదు. ఎదురుగా ఉన్నాడు. నోరు తెరిచాను. పెద్ద పాన ఎక్కడుందని అడిగాను. పాన నా చేతిలోనే ఉంది.

సాయంత్రం సామాను ఎక్కిస్తూ ఆయనే అన్నాడు.

"ఇంట్లో అడిగితివంట. సుబ్బన్నను అడిగితివంట. ఆ నరేంద్రను అడిగి భయపెడితివి. నన్నొక్కన్నే అడగలేదు కదా రంగన్నా."

నేను తాడు చుట్టాను. చుట్టిన తాడు విప్పి మళ్లీ చుట్టాను.

నిర్ణయం రద్దు. మాట్లాడేవాళ్ల పని అది.

జూలై 13, ఆదివారం. పని లేదు. నాకు నిద్ర పట్టలేదు. ఎవరూ అడగలేదు.

జూలై 14, సోమవారం. మబ్బు. బండి టైర్లకు గాలి పట్టించాను. మళ్లీ మొదటి రోజు.

7:10. బత్తలపల్లెలో ఒక చీనీ తోట. పుల్లీ తగిలించక ముందే అడిగాను.

"మాబు సాబ్, రాత్రి నిద్ర పట్టిందా?"

"లేదప్పా" అన్నాడు. పైపుల మీద కూర్చున్నాడు. "మంచంలో ఇంగా నా వైపే పండుకుంటాండా. ఆమె వైపుకు జరిగేకి కాలేదు."

నేనూ కూర్చున్నాను. ఆమెకు జ్వరం వచ్చిన రోజు నుంచి చెప్పాడు. తోటాయన రెండుసార్లు వచ్చి చూసి పోయాడు. 9:40 అయింది. తర్వాత మోటారు దించాం. పైపులు మొత్తం ఇరవై రెండు. నీళ్లు వచ్చాయి.